కోళ్ళకు బండి నంబర్లు

మక్కజొన్న తిండిగింజ కాదన్న సంగతి పుల్లూరి రాజేశానికి ఒక బుధవారం పొద్దున తెలిసింది. అంతవరకూ అతనూ, అతని భార్య వనజా, ఊరి చివర షెడ్డులో ఉన్న అయిదువేల గుడ్ల కోళ్ళూ అది తినేదేనని నమ్ముతూ వచ్చారు. ఈ మూడు పక్షాల్లో ఎవరికీ పెద్ద చదువు లేకపోవడం వల్ల జరిగిన పొరపాటు అది.

ఆ వారం మక్కల లారీ రాలేదు. మార్కెట్ యార్డులో అడ్తి నడిపే కైలాసం శేటు ఫోనెత్తలేదు. రాజేశం మోపెడ్ వేసుకుని యార్డుకు బయల్దేరాడు. పెట్రోలులో మక్కజొన్న సారా కలపడం మొదలైనప్పటి నుంచీ ఆ మోపెడ్ గుట్టలెక్కడం మానేసింది. గుట్ట దగ్గర అతను దిగి తోస్తాడు, అవతల పక్క అది అతన్ని మోస్తుంది. అట్లా ఒకరికొకరు సాయంగా యార్డు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది.

యార్డులో మక్కలకేం కరువు లేదు, గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. కాకపోతే వాటి చుట్టూ ఎర్రతాడు కట్టి, 'పొగ తాగరాదు' అన్న బోర్డు పాతి, వరసగా ఇసుక బకెట్లు వేలాడదీశారు.

"ఏంది శేటూ గిది? మక్కలకు ఇసుక బకెట్లేంది?" అని రాజేశం అడిగాడు.

కైలాసం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గవి మక్కలు గావు రాజన్నా, ఇంధనం. మొన్ననే ఆర్డరొచ్చింది. ఇథనాల్ ఫ్యాక్టరీకి తప్ప ఎవలకు అమ్మద్దట. కోళ్ళకు అమ్మితే, బంకుల పెట్రోలు పట్టుకొచ్చి బర్లకు తాపినట్టు లెక్కనట. లోపలేస్తరు."

"నూకలన్న ఇయ్యరాదు మరి."

"నూకలు గూడ గదే ఆర్డర్ల ఉన్నయి."

ఉత్తర్వు నిజమే. బయటి దేశాల నుంచి తెచ్చుకునే చమురు తగ్గించాలని పైవాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన మంచిదే. ఊరి బయట ఒక ఫ్యాక్టరీ కట్టారు. ఎన్ని మక్కలు పోసినా అది ఇంకా కావాలంటోంది. ఇచ్చినకొద్దీ అడిగేవాళ్ళంటే ప్రభుత్వాలకు ఎప్పుడూ గౌరవమే గనక, మక్కజొన్నను తిండిగింజల పట్టికలోంచి తీసి ఇంధనాల పట్టికలో వేశారు. ఇంధనం అయ్యాక ఇంధనానికి జరగాల్సిన మర్యాదలన్నీ దానికి జరగాలి. ఆ వారమే బస్టాండు దగ్గర కంకులు కాల్చి అమ్మే ఎల్లవ్వ మీద, జనం తిరిగే చోట ఇంధనాన్ని బహిరంగంగా మండించిందని కేసు పెట్టారు. ఫైరింజను వచ్చి ఆమె కుంపటి ఆర్పింది. మిగిలిన కంకుల్ని సాక్ష్యం కింద తీసుకెళ్ళిన సిబ్బంది దారిలోనే సాక్ష్యాన్ని నమిలేశారు.

రాజేశం యార్డు అరుగు మీద కూర్చుని లెక్కేసుకున్నాడు. షెడ్డులో దాణా శనివారం దాకా వస్తుంది. ఆ తరవాత ఏం జరుగుతుందో అతనికి తెలుసు. ఆకలేసిన గుడ్ల కోడి ఊరుకోదు. ముందు పక్క కోడి ఈకలు పీకుతుంది, ఆపైన నెత్తురొచ్చేదాకా పొడుస్తుంది. దుబాయి ఎండల్లో ఏళ్ళ తరబడి సెంట్రింగు పని చేసి అతను ఇంటికి తెచ్చుకున్నదంతా ఆ షెడ్డే. అది పోతే మళ్ళీ విమానమెక్కే ఓపిక అతనికి లేదు.

వ్యవసాయాధికారి దగ్గరికి పోతే ఆయన చేతులెత్తేశాడు. "విత్తు పడ్డప్పటి నుంచి కంకి పాలు పోసుకునేదాకా మా శాఖది. గింజ గట్టిపడ్డదా, ఇంధనపోళ్ళది. నడుమల ఎవలన్న కాల్చుక తింటే పోలీసులది" అని హద్దులు వివరించి, జిల్లా కేంద్రంలో కొత్తగా పెట్టిన ఇంధన ధాన్య ప్రాధికార సంస్థకు వెళ్ళమని దారి చూపించాడు.

ఆ సంస్థకు ఇంకా సొంత భవనం రాలేదు. ఒక ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకున్నారు. ప్రత్యేకాధికారి చక్రపాణి గారు పెళ్ళికొడుకు కూర్చునే వేదిక మీద, పెళ్ళికొడుకు కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. పక్క కుర్చీలో పెళ్ళికూతురికి బదులు ఒక గాజు సీసా, దాన్నిండా మక్కగింజలు. సీసా మీద 'త్వరగా మండు స్వభావము కలది' అని రాసి ఉంది.

"నమస్తే సార్. మా కోళ్ళకు మక్కలు గావాలె" అన్నాడు రాజేశం చేతులు జోడించి.

చక్రపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరేం అడుగుతున్నారో మీకు అర్థమవుతోందా? జాతీయ ప్రాధాన్యత గల ఒక ఇంధనాన్ని పక్షుల చేత తినిపించాలని ఒక బాధ్యతాయుతమైన అధికారిని అడుగుతున్నారు."

"పక్షులంటే గుడ్ల కోళ్ళు సార్. మక్కలు తప్ప ఇంకోటి ముట్టయి."

"అలవాటు మార్చండి. దేశం మారుతోంది. చమురు దిగుమతులు తగ్గించుకునే ఈ మహాయజ్ఞంలో కోళ్ళు కూడా తమ వంతు త్యాగం చేయాలి."

రాజేశానికి ఒళ్ళు మండింది గాని, అవసరం తనది కాబట్టి మెల్లగానే అడిగాడు. "నాకు తెల్వక అడుగుత సార్. మక్కలు తెచ్చే లారీలు డీజిల్ తాగుతయి. ఫ్యాక్టరీల బాయిలర్ బొగ్గు మీద నడుస్తది. తీసిన సారను మళ్ళ డీజిల్ ట్యాంకర్లల్ల పోసి పంపుతున్నరు. గంత కాలవెట్టి గింత మిగిలిచ్చుడేంది సార్?"

"డీజిల్ వేరే శాఖ" అన్నారు చక్రపాణి గారు. "బొగ్గు ఇంకో శాఖ. మా శాఖ వరకు చూసుకుంటే ఆదా నూటికి నూరు పాళ్ళు."

"మా మోపెడ్ గూడ మునుపటంత దూరం పోతలేదు సార్."

"పోకూడదు. తక్కువ దూరం పోతేనే కదా మీరు ఎక్కువ ఇంధనం పోయించుకుంటారు. మీరు ఎక్కువ పోయించుకుంటేనే కదా ఎక్కువ మక్కలు అమ్ముడుపోతాయి. ఆ లాభమంతా రైతుకే. మీరు మోపెడ్ తోస్తున్న ప్రతిసారీ ఒక రైతును పైకి తోస్తున్నారని గర్వపడండి." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు, అంటే మాటలు అయిపోయాయని. "ఇంధనం కదిలేవాటికి. కదలని వాటికిచ్చే అధికారం నాకు లేదు."

"మా కోళ్ళు గూడ కదుల్తయి గద సార్" అన్నాడు రాజేశం. తెలివిగా ఏమీ అనలేదు, నోటికొచ్చింది అన్నాడంతే.

చక్రపాణి గారు పెట్టుకున్న కళ్ళజోడు మళ్ళీ తీశారు. ఆయనకూ ఒక కష్టం ఉంది మరి. పూర్తిగా మక్కజొన్న మీదే నడిచే వాహనాలు ఈ ఏడాది జిల్లాలో వేలల్లో ఉండాలని రాజధాని నుంచి లక్ష్యం ఇచ్చారు. ఇప్పటికి ఉన్నది ఒకటే, ఆయన జీపు. దాన్ని మార్పించినప్పటి నుంచీ అది హాలు వెనక నీడ వదిలి బయటికి రావడం లేదు. పై అధికారి రోజూ సాయంత్రం ఫోను చేసి 'ఎన్నయ్యాయి' అంటాడు. ఈయన 'ప్రక్రియ ప్రారంభమైంది సార్' అంటారు.

ఆయన నిబంధనల పుస్తకం తెరిచి గొంతు సవరించుకుని చదివారు. "'నిర్దేశిత ఇంధనమును లోనికి స్వీకరించి, తద్వారా జనించిన శక్తితో, ఇతరుల లాగుడు గాని తోపుడు గాని లేకుండా కదలగల సమస్త సాధనములూ వాహనములే.' మీ కోళ్ళను ఎవరైనా తోస్తారా?"

"తోయం సార్. మోపెడ్‌నే తోస్త."

"ఇంజన్లో ఏ మార్పూ చేయకుండా మక్కలు నేరుగా పోయవచ్చా? సారా తీయకుండా?"

"నేరుగనే సార్. జెర నలగ్గొడితే సాలు."

చక్రపాణి గారు కుర్చీలోంచి లేచి వేదిక దిగి వచ్చి రాజేశం రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ హాల్లో అంత ఆప్యాయత వధూవరుల మధ్య కూడా ఎవరూ చూసి ఉండరు. శనివారానికల్లా వాహనాలను నమోదు చేయించుకుంటే అదే సాయంత్రం కోటా విడుదల చేస్తామని మాట ఇచ్చారు.

శుక్రవారం బ్రేకు ఇన్‌స్పెక్టర్ విఠల్ షెడ్డుకు వచ్చాడు. పదవీ విరమణకు దగ్గర పడ్డ మనిషి. బళ్ళ కింద దూరి దూరి నడుం వంగిపోయింది. వచ్చిన పని చెప్పడానికి ఆయనకే సిగ్గేసి, ముందు మంచినీళ్ళడిగి తాగాడు. తరవాత ఒక కోడిని తెమ్మన్నాడు.

"హారన్ ఉన్నదా?"

రాజేశం కోడిని చంకలో పెట్టి కాస్త నొక్కాడు. అది షెడ్డంతా వినబడేలా అరిచింది.

"ఉన్నది. రివర్స్ గేరు?"

"ఎనుకకు నడువదు సార్."

"లేదు. హెడ్‌లైట్లు?"

"చీకటైతే దానికే కండ్లు కనవడయి సార్."

"పగటి వాహనం" అని విఠల్ పక్కనున్న గుమాస్తా చేత రాయించాడు. బ్రేకు పరీక్షకు కోడిని కింద వదిలారు. అది వదిలిన చోటే నిలబడింది. అంత గట్టి బ్రేకు తన సర్వీసులో చూడలేదని విఠల్ ఒప్పుకున్నాడు. ఇక పొగ పరీక్ష మిగిలింది. ఆయన గొట్టం చేతిలో పట్టుకుని కోడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అనుభవం కొద్దీ వెనక వైపే ఎంచుకున్నాడు. గొట్టం తగలగానే కోడి ఉలిక్కిపడి, ఆయన అరచేతిలో వెచ్చటి గుడ్డొకటి పెట్టింది.

విఠల్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. "రాజన్నా, రూలు ప్రకారం బండి ఎనుకకెళ్ళి వచ్చేదేదైనా ఉద్గారమే" అన్నాడు బాధగా.

"గది గుడ్డు సార్."

"నాకు తెల్వదా గుడ్డని? రాసెటప్పుడు మాత్రం ఉద్గారమనే రాయాలె. ఇంక దేని కిందికి వస్తదో నువ్వే చెప్పు."

కాళ్ళకు నంబర్ల కడియాలు తొడగడంతో నమోదు ముగిసింది. శనివారం సాయంత్రం, అన్న మాట ప్రకారమే మక్కల లారీ వచ్చింది. కోళ్ళు తొట్లలోకి తలలు దూర్చి టకటకమని పొడుచుకు తింటుంటే రాజేశం కళ్ళు చెమర్చాయి. చక్రపాణి సార్ దేవుడన్నాడు. నంబర్లు వేస్తే మనకేం పోయింది, కోడి కోడే కదా అన్నాడు. వనజ మాత్రం లారీ వంక అనుమానంగా చూస్తూ నిలబడింది.

"వాళ్ళు ఉత్తగ ఇస్తరా ఏదన్న?" అంది. "బండి అన్నరంటే బండోలెనే జూస్తరు."

ఆమె అన్నట్టే అయింది. మొదటి తాఖీదు వారంలోపే వచ్చింది. సదరు వాహనాలు ఇంధనం పుచ్చుకుంటూ కూడా పంజరాల్లోనే నిలిపి ఉంచబడుతున్నందున, రోజువారీగా రోడ్డుపై నడపనిచో కోటా రద్దు చేయబడును అని అందులో ఉంది. రాజేశం, వనజ పొద్దున్నే కోళ్ళను విడతలు విడతలుగా పంజరాల్లోంచి తీసి తారురోడ్డు మీదికి తోలడం మొదలుపెట్టారు. పుట్టి బుద్ధెరిగాక నేల తొక్కని కోళ్ళవి. తారు చూసి బెదిరిపోయి ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. ఊరి కుక్కలకు ఇదొక కాలక్షేపం అయింది. రెండు కోళ్ళు రోడ్డుకు కుడిపక్కన నడిచాయని రాజేశం మీద కేసు కూడా రాశారు.

రెండో తాఖీదు ఉద్గారాల మీద. ఒక్కో వాహనం రోజుకొక ఉద్గారం చొప్పున వెలువరించడం పరిమితికి ఎన్నో రెట్లు ఎక్కువనీ, సున్నా ఉద్గారాలే సంస్థ ధ్యేయమనీ, వెలువడిన వాటిని బజారులో అమ్మడం నేరమనీ, పరీక్ష నిమిత్తం వెంటనే కార్యాలయంలో అప్పగించాలనీ ఉంది. రాజేశం ట్రేలకొద్దీ గుడ్లు మోసుకెళ్ళి ఫంక్షన్ హాల్లో దింపి వచ్చేవాడు. పరీక్షా ఫలితం ఎన్నడూ రాలేదు గాని, హాలు వెనక వంటశాలలో పొయ్యి మాత్రం ఆరలేదు. సిబ్బంది చెంపలు నున్నబడ్డాయి.

అంగన్‌వాడీ టీచరు స్వరూప ఈ సంగతి తెలియక షెడ్డుకు వచ్చింది. "పిల్లలకు గుడ్లు బందయి పది రోజులాయె రాజన్నా. కూసుండవెట్టి ఉత్త పప్పు పెడుతున్న. జెర నాలుగు ట్రేలు ఇయ్యి" అంది.

రాజేశం ఆమెను వెంటబెట్టుకునే చక్రపాణి గారి దగ్గరికి పోయాడు. ఆయన నిర్ఘాంతపోయారు. "అమ్మా, మీరు టీచరు. అభం శుభం తెలియని పసిపిల్లలకు వాహన ఉద్గారాలు తినిపించమంటారా? రేపు వాళ్ళ ఊపిరితిత్తులకేమన్నా అయితే ఎవరిది పూచీ?" అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన బల్ల మీద ఆమ్లెట్ ఉంది. అది పరీక్షలో భాగం.

"కోళ్ళు గుడ్లు పెట్టకుండ ఎట్ల ఆపాలె సార్?" అని రాజేశం దీనంగా అడిగాడు.

"ఇంజను సర్వీసింగ్ చేయించండి" అన్నారు చక్రపాణి గారు.

ఇంతలో మంత్రిగారు వస్తారన్నారు. పూర్తి మక్కజొన్న వాహనాల్లో జిల్లా రాష్ట్రానికే మొదటి స్థానంలో ఉందని రాజధానిలో తెలిసి, ఆ వాహనశ్రేణికి పచ్చజెండా ఊపాలని ఆయన ముచ్చటపడ్డారు. ఫ్యాక్టరీ గేటు ముందు షామియానా వేశారు. కోళ్ళలో కాస్త పుష్టిగా ఉన్నవి కొన్ని వందలు ఏరి, స్నానం చేయించి, రోడ్డు మీద వరసకు నిలబెట్టమని రాజేశానికి హుకుం వచ్చింది. స్నానం అయితే చేయించాడు గాని వరస అతనివల్ల కాలేదు.

మంత్రిగారు మాట్లాడారు. ఒకప్పుడు మన రైతు అన్నం పెట్టేవాడు, ఇప్పుడు ఇంధనం పెడుతున్నాడు, రేపు ఏం పెడతాడో ఊహకు కూడా అందదన్నారు. జనం చప్పట్లు కొట్టారు. జెండా ఊపారు. కోళ్ళు కదల్లేదు. ఎండకు నోళ్ళు తెరుచుకుని రొప్పుతూ కూలబడ్డాయి. ఇంకోసారి ఊపారు. చక్రపాణి గారు నుదురు తుడుచుకుని రాజేశం వైపు చూశారు. రాజేశం వంగి, 'బో బో బో' అని పిలిచాడు. అప్పటికీ అవి లేవలేదు.

సరిగ్గా అప్పుడు, ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలిపిన మక్కల లారీలో ఒక బస్తా పిగిలి గింజలు జలజల రాలాయి. ఆ చప్పుడు కోళ్ళ చెవిన పడింది. అంతే, అన్నీ ఒక్కసారిగా లేచి, రెక్కలు టపటపలాడిస్తూ మంత్రిగారి పంచె మీంచి, కెమెరాల కాళ్ళ సందుల్లోంచి, షామియానా గుంజల మీంచి లారీ మీద పడ్డాయి. ఫ్యాక్టరీలో ఆ పూట పోయాల్సిన మక్కలను తవ్వి తిన్నాయి.

చక్రపాణి గారు ఉద్యోగం పోయిందనే అనుకున్నారు. కాని మంత్రిగారు పంచె దులుపుకుని, "చూశారా, బంకు దాకా డ్రైవరు తీసుకెళ్ళాల్సిన పని కూడా లేదు. తమంతట తామే పోయించుకుంటున్నాయి" అని పరవశించిపోయారు. ఫ్యాక్టరీ యజమాని కూడా ఏమీ బాధపడలేదు. ఫ్యాక్టరీ నడిచినా నడవకపోయినా ఆయనకు రావాల్సింది వచ్చే ఏర్పాటు ఉంది. ఆ రోజంతా జిల్లాలో అందరూ సంతోషంగానే ఉన్నారు. రాజేశం కూడా, కోళ్ళు కడుపునిండా తిన్నాయి కదా అని, తొక్కిసలాటలో చచ్చిన వాటిని గోనెసంచిలో వేసుకుంటూ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

తరవాత పంచాయతీ ఎన్నికలొచ్చాయి.

ఎన్నికలొస్తే బళ్ళున్నవాళ్ళు జాగ్రత్తగా ఉంటారు. జీపులు, ఆటోలు, బడి బస్సులు ఏవి కనబడినా ఎన్నికల డ్యూటీకని పట్టుకుపోతారు. అందుకే చాలామంది టైర్లు ఊడదీసి ఇటుకల మీద నిలబెడతారు. రాజేశానికి ఆ అలవాటు లేదు. ఉన్నా, కోళ్ళకు ఏం ఊడదీయాలో అతనికి తెలియదు.

పోలింగుకు ముందు రోజు పొద్దున షెడ్డు ముందు లారీలు వచ్చి ఆగాయి. తహసీల్దారు ఆఫీసు గుమాస్తా కిందికి దిగాడు. జిల్లాలో నమోదైన వాహనాలన్నిటినీ ఎన్నికల విధులకు స్వాధీనం చేసుకుంటున్నామనీ, సహకరించకపోతే జైలనీ చదివి వినిపించాడు. వెనక విఠల్ తల దించుకుని నిలబడ్డాడు.

"ఇగో సార్, ఇవి కోళ్ళు" అన్నాడు రాజేశం. తన షెడ్డులో తన కోళ్ళను చూపిస్తూ ఆ మాట చెప్పాల్సి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు. "గుడ్డోనికైనా తెలుస్తది. వీటి మీద ఎవలు కూసుంటరు సార్?"

"నంబర్లున్నయా లేవా?" అన్నాడు గుమాస్తా.

"ఉన్నయి గని..."

"మక్కల కోటా తీసుకున్నవా లేదా?"

రాజేశం విఠల్ వంక తిరిగాడు. "సార్, నువ్వన్న చెప్పు. నువ్వే జూసినవు గద. గుడ్డు నీ చేతులనే పెట్టింది."

"చెప్పిన రాజన్నా. పొద్దటి నుంచి అందరికీ చెప్తున్న. కాయితం మీద బండని ఉంటే నేను చెప్తే కోడి అయితదా?" అన్నాడు విఠల్. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వనజ షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడింది. ఇద్దరు ఆడ పోలీసులు ఆమెను మర్యాదగానే పక్కకు జరిపారు. నడవగల వాహనాలను నడిపించే ఓపిక ఎవరికీ లేదు గనక కాళ్ళు కట్టి లారీల్లోకి విసిరారు. అన్నీ ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. షెడ్డులో అలవాటైన రొద ఆగిపోయి, నీళ్ళ పైపు బొట్లు బొట్లుగా కారే చప్పుడు వినబడింది.

రాజేశం మోపెడ్ తోసుకుంటూ, ఎక్కుతూ, లారీల వెంట పోయాడు. ఎన్నికల సామగ్రి పంచే జూనియర్ కాలేజీ మైదానానికి అతను చేరేటప్పటికి సాయంత్రం కావస్తోంది. పోలింగు సిబ్బంది వేల మంది చెట్ల కింద కూర్చుని పెట్టెలు సర్దుకుంటున్నారు. మైదానం వెనక పెద్ద పెద్ద గుండిగలు పొయ్యిల మీదున్నాయి. గరం మసాలా వాసన గేటు దాకా కొడుతోంది. రాజేశానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అతను గేటు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. ఒకాయన విస్తరి పట్టుకుని దగ్గరికొచ్చి, "డ్రైవర్లకు కూడా ఉంది, రా" అని పిలిచాడు.

పోలింగు ప్రశాంతంగా జరిగింది.

కిరాయి అడుగుదామని చక్రపాణి గారి దగ్గరికి పోతే, ఆయన విచారం వెలిబుచ్చారు. కిరాయి కిలోమీటర్ల లెక్కన ఇస్తారట, సదరు వాహనాలు సిబ్బందిని మోసిన దాఖలా లేదట. సిబ్బందే వాటిని మోసినట్టు తేలిందట. "పోనీ నంబర్లు తీసెయ్యుర్రి సార్. నా పేరు మీద బండ్లు వద్దు" అని రాజేశం బతిమాలాడు. నమోదు రద్దు కావాలంటే వాహనాన్ని స్వయంగా తీసుకొచ్చి చూపాలన్నారు చక్రపాణి గారు. చూపలేకపోతే అవి రోడ్డు మీద తిరుగుతున్నట్టే లెక్క.

కాబట్టి కోటా ఆగలేదు. వారం వారం మక్కల లారీ వస్తూనే ఉంది. వద్దంటే ఇంధన వినియోగానికి అడ్డుపడ్డ నేరం, అమ్మితే దొంగ వ్యాపారం, తింటే ఇంకా పెద్ద నేరం. కోళ్ళ పంజరాల మధ్య దారులు నిండాయి, పంజరాలు నిండాయి, మక్కలు వెంటిలేటర్ల దాకా వచ్చాయి.

ఆ ఏడాది ఉత్తమ వాహన యజమాని శాలువా రాజేశానికే కప్పారు. అదే ఫంక్షన్ హాలు, అదే వేదిక. ఇంధన వినియోగం పూర్తి, ప్రమాదాలు లేవు, ఉద్గారాలు ఖచ్చితంగా సున్నా అని చక్రపాణి గారు మైకులో చదివారు. రెండు మాటలు మాట్లాడమన్నారు.

రాజేశం మైకు ముందు నిలబడ్డాడు. "కోళ్ళు లేవు సార్. అన్ని సచ్చినయి" అన్నాడు.

చక్రపాణి గారు మైకు మెల్లగా తనవైపు తిప్పుకున్నారు. "శబ్ద కాలుష్యం కూడా లేదని యజమాని స్వయంగా ధ్రువీకరిస్తున్నారు" అన్నారు. చప్పట్లు మోగాయి.

మర్నాడు పొద్దున్నే లేచేసరికి పక్కన వనజ లేదు. రాజేశం వెతుక్కుంటూ షెడ్డుకు పోయాడు. ఆమె గుడ్ల ట్రేలు చంకన పెట్టుకుని, మక్కల గుట్ట ముందు నిలబడి ఉంది. లేవగానే చేతులు వాటంతటవే ట్రేలు అందుకున్నాయట.

"గిన్ని మక్కలు మన షెడ్డుల ఎప్పుడన్న జూసినమా?" అంది.

"లేదు" అన్నాడు రాజేశం.

"ఒక్క కోడన్న ఉంటే ఎంత సంబురపడునో" అంది వనజ. అప్పటిదాకా ఎవరి ముందూ ఏడవని రాజేశం ఆ మక్కల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. వనజ ట్రేలు కింద పెట్టి, అతని పక్కనే కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

బయట లారీ ఆగిన చప్పుడైంది. ఈ వారం కోటా తెచ్చామనీ, సంతకం పెట్టడానికి డ్రైవరు ఎక్కడున్నాడనీ ఎవరో అడుగుతున్నారు.